తోమాసు గారి పల్చటి నెగటివు

బందరు కోనేరు సెంటర్లో దిగి బ్లాక్ అండ్ వైట్ తోమాసు గారి కొట్టెక్కడని అడిగితే, ఇవాళ్టికీ ఆటోవాళ్లు వేలెత్తి చూపిస్తారు. ఆ పేరు ఊరికే వచ్చింది కాదు. నాగాయలంక పక్క పల్లెలో, మిషను బడిలో ఎనిమిదో తరగతితో చదువాపేసి, బందరొచ్చి, ఒక స్టూడియోలో నేల తుడవడంతో మొదలెట్టిన మనిషి ఆయన. దివిసీమ ఉప్పెన తర్వాత, పోయినవాళ్ల ఫోటోలు ఉప్పునీళ్లలో నాని అట్టకు అట్ట అంటుకుపోయి వస్తే, పెళ్లి గుంపుల్లోంచి ఒక్కొక్క ముఖాన్నీ వేరుచేసి, పెద్దది చేసి, చెరిగిపోయిన కనుబొమలు సన్న కుంచెతో దిద్ది, పటాలు కట్టి ఇచ్చింది ఆయనే. అప్పటికింకా నూనూగు మీసాలు. సొంత కొట్టు పెట్టాక, బందరులో నిలువెత్తు ఎన్‌లార్జిమెంటు మొట్టమొదట తీసిందీ ఆయనే. ఒక కలెక్టరు గారి వీడ్కోలు సభలో గ్రూపు ఫోటో తీసి, సభ ముగిసేలోగా తడారని ప్రింటు ఆ కలెక్టరు చేతిలో పెట్టిందీ ఆయనే. చల్లపల్లి నుంచి హంసలదీవి దాకా ఏ వసారాలో పాత పటం కనపడినా, దించి వెనక్కి తిప్పితే తోమాసు గారి స్టాంపే ఉంటుంది.

ఇవన్నీ తోమాసు గారే చెబుతారు. ఎవరూ అడక్కపోయినా చెబుతారు. అయితే వీటిలో ఒక్కటీ అబద్ధం కాదు. అదే వినేవాళ్లకి వచ్చిన చిక్కు.

ఆయన లెక్కలో ఫోటో అనేది నీళ్లలో పుట్టాలి. చీకటి గదిలో, ఎర్రబల్బు కింద, డెవలపరు ట్రేలో తెల్ల కాగితం ముంచి మెల్లగా ఊపుతుంటే ముందు జుట్టు, తర్వాత కళ్లు, ఆ తర్వాత ముఖం పైకి తేలాలి. ప్రింటు కడిగే హైపో మందు వాసన చేతులకి పట్టి అన్నం ముద్దలో కూడా తెలియాలి. అలా పుట్టిందే ప్రింటు. మిగిలినవన్నీ జిరాక్సులు.

కాలం మాత్రం ఆయన లెక్క అడగలేదు. ప్రింట్లు వేసే బ్రోమైడు కాగితం రావడం మానేసింది. డెవలపరు పొడి తెచ్చే విజయవాడ కొట్టు సెల్‌ఫోన్ల కొట్టయింది. చీకటి గదిలో భార్య రత్నకుమారి బియ్యం బస్తాలు పెట్టించింది. డెవలపరు ట్రేలు మేడ మీద వడియాలు ఎండబెట్టడానికి పనికొచ్చాయి. కొట్లో పాస్‌పోర్టు ఫోటోలు తీసే రంగుల ప్రింటరొకటి మిగిలింది, బోర్డు మీద పాత పేరొకటి మిగిలింది. అయినా తోమాసు గారికి దిగులు లేదు. నేను చెయ్యలేకపోతే ఇంకెవడూ చెయ్యలేడు కదా అన్నది ఆయన ధైర్యం.

ఆ ధైర్యం గుడివాడలో దెబ్బతింది.

గుడివాడలో గోవర్ధనరావని ఇంకో ఫోటోగ్రాఫరు ఉన్నాడు. ఇద్దరిదీ ఒకటే ఈడు. చుట్టరికం లేకపోయినా నలభై ఏళ్లుగా బావా అంటే బావా అనుకుంటారు. గోవర్ధనరావు పెళ్లిళ్ల రంగుల ఆల్బమ్‌లలో బాగా సంపాదించాడు గానీ, నలుపు తెలుపు ప్రింటు ఆయన చేతికి ఏనాడూ లొంగలేదు. చేస్తే బూడిదన్నా అయ్యేది, మసన్నా అయ్యేది. ఎవరైనా గట్టిగా అడిగితే ఆ నెగటివు బస్సు కండక్టరు చేతికిచ్చి బందరు పంపేవాడు. తోమాసు గారు ప్రింటు చేసి, దానితోపాటు ఒక మాట కూడా పంపేవారు: "ఆ స్టూడియో యజమానికి నా ఆశీస్సులు చెప్పు."

అలాంటి గోవర్ధనరావు, వ్యాపారం కొడుక్కి వదిలేసి ముసలితనంలో కాలక్షేపానికని ఒక ఇంక్‌జెట్ ప్రింటరు కొని, నలుపు తెలుపు ప్రింట్లు చేసి, విజయవాడలో ఫోటోల ప్రదర్శనలో పెట్టాడట. పెద్ద పెద్దవాళ్లు వచ్చి వాటి ముందు నిలబడిపోయారట. తోమాసు గారు రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మూడో నాడు గుడివాడ ప్యాసింజరు ఎక్కారు.

"రా బావా, రా. ఇన్నాళ్లకి మా ఊరు గుర్తొచ్చిందా?" అన్నాడు గోవర్ధనరావు.

"కంటి డాక్టరు దగ్గరికొచ్చాను. దారే కదా అని ఇలా తిరిగాను."

"బందరులో కంటి డాక్టర్లు లేరా?"

"ఉన్నారు. వాళ్లు చూసిన కళ్లే ఎన్నిసార్లని చూస్తారు."

గోవర్ధనరావు నవ్వి లోపలికి తీసుకెళ్లాడు. గది తెల్లగా, వెలుతురుగా ఉంది. ట్రేలు లేవు, నీళ్లు లేవు, వాసన లేదు. బల్ల మీద ప్రింటరు, పక్కన వరసగా చిన్న చిన్న సీసాలు. గోడకి నాలుగు ప్రింట్లు. తోమాసు గారు వాటి వంక చూడకుండా ముందు ఫ్యాను చూశారు, కిటికీ చూశారు, గోడకి వేసిన సున్నం బాగుందన్నారు. చివరికి ఇంక చూడక తప్పలేదు.

కొల్లేరు గట్టున గేదె ఒకటి బురదలో పడుకుని ఉంది. దాని వీపు నలుపు లోపల ఇంకో నలుపు, దాని లోపల తడి మెరుపు. అలాంటి నలుపు కోసం తోమాసు గారు తన జన్మలో ఎన్ని కాగితాలు చించారో ఆయనకే తెలుసు.

"ఇందులో రంగు ఇంకులు పీకేశాను బావా," అన్నాడు గోవర్ధనరావు ఉత్సాహంగా. "వాటి చోట్ల అన్నీ నలుపే. ఒక గదిలో చిక్కటి నలుపు, పక్కదాంట్లో కాస్త పల్చన చేసింది, ఆ పక్కది ఇంకాస్త. చివరిది మజ్జిగ తేటలా ఉంటుంది. అన్నీ కలిసి ఈ నూలు కాగితం మీద పడితే ఇదిగో, ఇలా వస్తుంది."

"అంటే పాలల్లో నీళ్లు కలిపినట్టు."

"అంతే అనుకో. కాకపోతే ఈ పాలు విరగవు."

"ఎంతకాలం ఉంటుందో చూడాలిలే. నావి ఉప్పెన తర్వాతవి ఇంకా గోడల మీద ఉన్నాయి."

"నీతో నాకు పోటీ ఏమిటి బావా," అని గోవర్ధనరావు అరచేయంత ప్రింటొకటి కవర్లో పెట్టి ఇచ్చాడు. "ఇది ఉంచుకో."

అది ఉంచుకోవడానికి కాదు తోమాసు గారు తీసుకున్నది. ఇంటికెళ్లగానే మేడెక్కి, వడియాలు పక్కకి నెట్టి ట్రే ఖాళీ చేసి, కుళాయి కింద నీళ్లు పట్టి, ఆ ప్రింటు అందులో ముంచారు.

రత్నకుమారి తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. "ఏం చేస్తున్నారండీ దాన్ని?"

"స్నానం చేయిస్తున్నాను."

"కాగితం కదా, పాడైపోతుందేమో."

"పోతుందో లేదో చూద్దామనే."

ఇంకుతో వేసిందేదైనా నీళ్లలో వదిలిపోవాలి. పిల్లల పరీక్ష కాగితం మీద వాన పడితే ఏమవుతుందో ఎవరికి తెలియదు. తోమాసు గారు పాత అలవాటున ట్రే మెల్లగా ఊపుతూ కూర్చున్నారు. జీవితంలో మొదటిసారి, బొమ్మ రావాలని కాక పోవాలని ఊపారు. ఎండ వాలింది. నీళ్లు కుళాయిలోంచి వచ్చినప్పుడు ఎంత తేటగా ఉన్నాయో అంత తేటగానే ఉన్నాయి. కాగితం ఉబ్బి మెత్తబడింది గానీ ఒక్క చుక్క నలుపు వదల్లేదు.

"వదిలిందా?" అంది రత్నకుమారి కింద నించి.

"ఇంకా నానాలి," అన్నారాయన.

అసలు కథ ఆ వారంలోనే వచ్చింది. దివిసీమ చివర, హంసలదీవికి ఇవతల ఉన్న పల్లెలో చర్చి పక్కన కొత్త హాలు కట్టారు. దానికి మార్తమ్మ పేరు పెడుతున్నారు. మార్తమ్మ ఆ పల్లెల్లో బైబిలు స్త్రీ. ఇంటింటికీ నడిచి వాక్యం చెప్పింది, అక్షరాలు నేర్పింది, పురుళ్లకి తోడెళ్లింది. ఇప్పుడు తొంభై దాటింది. గొంతు మాత్రం ఇంకా గంటలాగే ఉంది. ఆమె మనవడి వరస సుధీర్ అవనిగడ్డలో లెక్చరరు, హాలు కమిటీకి కార్యదర్శి. అతను తోమాసు గారి కొట్టుకొచ్చాడు.

"మావయ్యా, హాల్లో మామ్మ పటం పెద్దది పెట్టాలి. మామ్మ ఫ్లెక్సీ వద్దంటోంది. ఎండకి ముఖం తెల్లబోతుందట, చిరిగితే మేకలు తింటాయట. నలుపు తెలుపులో, పాతకాలం పటంలా కావాలట. మీరప్పట్లో తీశారు కదా, ఆ నెగటివు ఉందా?"

"ఉందా అని అడుగుతావేంట్రా. నా దగ్గర పోయిన నెగటివు ఒక్కటి చూపించు."

"అది ఇప్పిస్తే ప్రింటు గుడివాడలో గోవర్ధనరావు గారితో చేయిద్దామని కమిటీ అనుకుంటోంది."

తోమాసు గారు కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. "వాడి నెగటివులు నా దగ్గరికి బస్సెక్కి వచ్చేవి, తెలుసా నీకు? వంట నాది, వడ్డన వాడిదీనా?"

"మీరు చేస్తానంటే అంతకన్నానా మావయ్యా. పదిహేను రోజుల్లో ప్రారంభం. ఎవరి చేతిదైనా బాగుంటే చాలు."

సుధీర్ ఆ మాట మామూలుగానే అన్నాడు. కానీ తోమాసు గారికి ఆ ఒక్క మాటలో తన నలభై ఏళ్లూ తూకానికెక్కినట్టనిపించింది. తను పుట్టిన సీమలో, తను పటాలు కట్టిన జనం మధ్య, ఆ గోడ మీద గోవర్ధనరావు ప్రింటు ఎక్కిందంటే ఇక కొట్టు మీద ఆ బోర్డు దేనికి?

నేనే చేస్తానన్నారు. పాస్‌పోర్టు ప్రింటరు దుమ్ము తుడిచారు. మార్తమ్మ నెగటివుల్లో అందరూ మెచ్చుకున్నది ఒకటుంది: స్టూడియో దీపాల కింద తెల్ల చీరలో, రెండు చేతులా బైబిలు పట్టుకుని నిటారుగా కూర్చున్నది. గట్టి నెగటివు. నలుపు నలుపే, తెలుపు తెలుపే. బ్రోమైడు కాలంలో అలాంటి దాన్ని కళ్లు మూసుకుని ప్రింటు చెయ్యొచ్చు. స్కాను చేసి మీట నొక్కారు. ట్యూబులైటు కింద బొమ్మ బ్రహ్మాండంగా కనిపించింది. అదే చేత్తో వసారాలోకి వచ్చి ఎండలో పట్టుకున్నారు.

"ఏవండీ, మార్తమ్మత్త ముఖానికి గోరింటాకు రుబ్బి రాశారా?" అంది రత్నకుమారి.

నిజమే, పచ్చగా ఉంది. ఆ యంత్రం నలుపుని రంగులన్నీ కలిపి తయారుచేస్తుంది. ఒక్కో వెలుతురులో ఒక్కో రంగు బయటపడుతుంది. పచ్చ తగ్గిస్తే వంకాయ రంగొచ్చింది. వంకాయ తగ్గిస్తే ఇటుక రంగొచ్చింది. పైగా తెల్ల చీర మొత్తం సున్నం కొట్టినట్టు, ఒక్క మడత లేకుండా వచ్చింది. యంత్రానిది తప్పన్నారాయన. కాగితానిది తప్పన్నారు. కరెంటుది కూడా అన్నారు.

గడువు దగ్గర పడ్డాక సుధీర్ ఫోన్ చేశాడు. "ఏమైంది మావయ్యా?"

"నాకు తీరిక లేదురా," అన్నారు తోమాసు గారు. "వాడి చేతే చేయించుకోండి. నెగటివు పంపుతాను."

అన్నారు గానీ, బైబిలు పట్టుకున్న నెగటివు మీద చెయ్యి వెయ్యబోయి ఆగిపోయారు. ఇది ఇస్తే వాడు గేదెకే అంత నలుపు తెచ్చినవాడు, మార్తమ్మకి తేడా? బీరువా అడుగున అట్టపెట్టె ఒకటుంది. పైన ఆయన చేత్తోనే రాసుంది: వృథా. అందులో మార్తమ్మదే ఇంకొకటి ఉంది. అదే ఏడాది హంసలదీవి దగ్గర, నది సముద్రంలో కలిసేచోట, పొగమంచులో పడవ కోసం నిలబడితే తీసింది. ఆ రోజు డెవలపరు నీరసించి నెగటివు పల్చగా, చావు కళతో వచ్చింది. అప్పట్లో అన్నిటికన్నా గట్టి రకం బ్రోమైడు కాగితం మీద కూడా ప్రయత్నించారు; కుడితి నీళ్లలా వచ్చింది తప్ప మనిషి రాలేదు. తన చేతికే రానిది గోవర్ధనరావు చేతికి వస్తుందా?

ఆ పల్చటి నెగటివుని శుభ్రంగా తుడిచి, కొత్త కవర్లో పెట్టి, మీద "మార్తమ్మ గారు, జాగ్రత్త" అని రాసి గుడివాడ పంపించారు. ఆ రోజు కాఫీ రెండోసారి అడిగి తాగారు.

గుడివాడ నించి ఫోన్ రాలేదు. తంటాలు పడుతున్నాడన్నమాట అనుకున్నారు. ప్రారంభం నాడు ఆదివారం, ఇస్త్రీ చొక్కా వేసుకుని, రత్నకుమారితో అవనిగడ్డ బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, అక్కడ అనాల్సిన మాట నెమ్మదిగా కూర్చుకున్నారు. "పాపం గోవర్ధనం తప్పు కాదు. యంత్రానికి అంతే తెలుసు." మరీ కోపంగా అనకూడదు, జాలిగా అనాలి. మోపిదేవి దాటేసరికి ఆ జాలి గొంతు కూడా కుదిరింది.

ఆరాధన అయ్యాక జనమంతా హాల్లోకి వచ్చారు. మార్తమ్మని కుర్చీతో సహా మోసుకొచ్చి ముందు కూర్చోబెట్టారు. పాస్టరు గారు ప్రార్థన చేసి గుడ్డ లాగారు.

వెనక వరసలవాళ్లు కూడా లేచి నిలబడ్డారు.

మంచు ఉంది. మంచులో నీళ్లు, నీళ్లకీ ఇసుకకీ మధ్య గీత లేదు. తెల్ల మంచులో తెల్ల చీర, అయినా ప్రతి మడతా లెక్కపెట్టొచ్చు. ఆమె కొంగు ఒక పక్కకి ఎగిరింది. చెప్పులు ఒక చేత్తో పట్టుకుని, పడవ వచ్చే వైపు చూస్తూ, పెదవి చివర నవ్వబోతోంది. నుదుటి మీద తడి. తోమాసు గారు ఆ ముఖాన్ని ఇదే మొదటిసారి చూడటం. తీసింది తనే, నలభై ఏళ్లు బీరువాలో పెట్టుకుందీ తనే. చూడటం మాత్రం ఇప్పుడే.

మార్తమ్మ కళ్లకి చెయ్యడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఆ చెప్పులు కొత్తవి," అంది. "తడిస్తే పాడైపోతాయని చేత్తో పట్టుకున్నాను. ఒరేయ్ తోమాసూ, ఎక్కడున్నావు?"

"ఇక్కడే ఉన్నానమ్మా."

"ఆ బైబిలు ఫోటోలో కోర్టులో సాక్ష్యానికి వచ్చినదానిలా ఉంటాను. నీ మనసు కష్టపెట్టడమెందుకని ఇన్నాళ్లూ చెప్పలేదు. ఇది నేను."

జనం నవ్వారు. తోమాసు గారు కూడా నవ్వారు, నవ్వక చేసేదేముంది.

ఈలోగా గోవర్ధనరావు వచ్చి, అందరి ముందూ ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "బావా, నీ బుర్రకి దండం. ఈ స్కానరుకి గట్టి నెగటివు పనికిరాదని, తెల్ల చీర సున్నమైపోతుందని, పల్చటిదైతేనే పొరపొరా బయటికొస్తుందని నేను నాలుగేళ్లు పాడుచేసుకుని తెలుసుకున్నాను. నువ్వు కంప్యూటరు ముట్టుకోకుండానే తెలుసుకుని ఇదే పంపించావు."

తోమాసు గారు బస్సులో కూర్చుకున్న మాట ఇక ఎందుకూ పనికిరాలేదు. "అనుభవం," అన్నారు.

పాస్టరు గారు మైకులో ఆ సంగతే మళ్లీ చెప్పారు. ఎన్ని నెగటివులున్నా సరిగ్గా దేన్నివ్వాలో తెలిసిన పెద్దాయన అన్నారు. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. తోమాసు గారు లేచి నిలబడి దండం పెట్టారు. జీవితంలో చాలా సన్మానాలు చేయించుకున్నారు గానీ, శాలువా ఇంత గుచ్చుకోవడం ఎప్పుడూ ఎరగరు.

తిరుగు బస్సులో రత్నకుమారి ఊరుకోలేదు. "ఏ పెట్టెలోంచి తీశారండీ దాన్ని?"

"ఉన్న పెట్టెలోంచే."

"వృథా అని రాసుంటుంది, అదేనా?"

"కిటికీ మూయి. గాలొస్తోంది."

ఆమె కిటికీ మూసి, చెంగు నోటికడ్డం పెట్టుకుని చల్లపల్లి దాకా అటు తిరిగే కూర్చుంది.

ఇంటికొచ్చినా అసూయ తగ్గలేదు సరికదా, కొత్త దారి పట్టింది. వాడు మంచి ప్రింటు చేశాడన్న బాధ పాతదైపోయింది. నా కంటితో నేను పట్టుకున్న మనిషిని నాకంటే ముందు వాడు చూశాడు. ఆ నవ్వు ముందు వాడికి కనిపించింది. ఇది మాత్రం మింగుడుపడలేదు. మంచం మీద కూర్చున్నా, కొట్లో కూర్చున్నా అదే. పెట్టెలో మిగిలినవాటి సంగతేమిటి? అందులో ఇంకా ఎవరెవరున్నారు? అడగడానికి గోవర్ధనరావు తప్ప ఇంకో దిక్కు లేదు. అది మరీ కష్టంగా ఉంది.

వారం తిరక్కుండా పెట్టె చంకలో పెట్టుకుని మళ్లీ గుడివాడ వెళ్లారు. మెట్లెక్కేసరికి గోవర్ధనరావు ఎవరి పెళ్లి ఫోటోనో ప్రింటు చేస్తున్నాడు. యంత్రం చక్కగా కిర్రుకిర్రుమంటూ కాగితం వదులుతోంది.

"ఇవి కూడా కాస్త చూడు," అన్నారు తోమాసు గారు, తనేదో మేలు చేస్తున్నట్టు. "నీకు పనికొస్తాయేమోనని తెచ్చాను."

గోవర్ధనరావు నవ్వుతూ మొదటి నెగటివు కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. పెడనలో, మంచు పడుతుంటే తాళ్ల మీద ఆరేసిన కలంకారీ బట్టలు, వాటి కింద పాకుతున్న పసిబిడ్డ. రెండోది, గిలకలదిండి దగ్గర వానలో వల లాగుతున్న మనుషుల వీపులు. మూడోది ఎత్తాక నవ్వు లేదు. నాలుగోది తీసి స్కానరు మీద పెట్టి, తెర మీద బొమ్మ తిరగేసి చూశాడు. ఉప్పుకొటారులో మబ్బు కింద ఒంటరిగా ఒక ముసలావిడ, ఆమె చుట్టూ తెల్లటి ఉప్పు కుప్పలు. మౌస్‌తో ఆ ముఖాన్ని పెద్దది చేశాడు, ఇంకా పెద్దది చేశాడు.

"ఇవన్నీ నువ్వే తీశావా?" అన్నాడు చివరికి.

"మరి? బందరులో ఇంకెవడున్నాడు?"

"ఇన్నీ?"

"ఇంటి దగ్గర ఇంకో పెట్టె ఉంది."

గోవర్ధనరావు పెదవులు బిగిశాయి. బాగున్నాయి అన్నాడు, పన్ను పీకించుకున్నవాడిలా. కాఫీ ఇస్తానని అనలేదు. బావా అని కూడా అనలేదు. ఆ ముఖాన్ని తోమాసు గారు కళ్లు ఆర్పకుండా చూశారు. ఆ ముఖం ఆయనకి కొత్త కాదు. ఈ నెలంతా గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో చూసిందే.

"ముందు ఈ ఉప్పుకొటారుది చెయ్యి," అన్నారు. "పెద్ద సైజులో."

"ఇవాళ కుదరదేమో," అన్నాడు గోవర్ధనరావు, యంత్రం వైపు చూడకుండా. "ప్రింటరు హెడ్డు పట్టేసింది. ఇంకు సరిగా దిగట్లేదు."

పక్కన ట్రేలో పెళ్లి ఫోటో ఇంకా ఆరుతోంది. తోమాసు గారు దాన్ని చూశారు, గోవర్ధనరావుని చూశారు. నెలరోజులుగా లేని ఆకలి ఒక్కసారిగా వేసింది. కుర్చీ లాక్కుని, ప్రింటరుకి ఎదురుగా వేసుకుని, చెప్పులు విడిచి, కాలు మీద కాలేసుకున్నారు.

"హెడ్డు కడుగు బావా," అన్నారు. "కడిగేదాకా కూర్చుంటాను. భోజనానికి చెల్లెమ్మ ఏం వండిందేమిటి?"